చలిలో ఏరిన ట్రాన్సిస్టర్లు

మొన్న చలికాలంలో ఒక పొద్దున్న, నేనింకా కుంపటి దగ్గర్నుంచి లేవకముందే, విశాఖపట్నం నుంచి ఒక పిల్ల వచ్చి మా గుమ్మంలో నిలబడింది. "ఆంటీ, రేడియో బాబుగారి ఇల్లు ఇదేనా?" అంది. నాకు ముందు చిరాకేసింది. ఆ నెలల్లో అరకు ఎవరొచ్చినా మంచు చూడ్డానికొస్తారు, లేకపోతే మా ముందు గది అద్దెకి తీసుకుని కాఫీ పొడి అమ్ముకునేవాడి దగ్గరికొస్తారు. బాత్రూం ఎక్కడని అడిగేవాళ్లకి దారి చూపించడంతోనే నాకు సగం పొద్దు పోతుంది. ఈ పిల్ల బాత్రూం అడగలేదు. "ఆయన దగ్గర పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవట కదా, ఏమైనా మిగిలేయా?" అని అడిగింది. మా నాన్న పోయేక ఆ మాట ఈ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. లోపలికి రమ్మని పీట వేసేను.

పిల్ల పేరు శిరీష. ఉద్యోగం చేసుకుంటూ, సెలవుల్లో గిటారు వాయించేవాళ్ల కోసం పెడళ్లు కడుతుందిట. పెడల్ అంటే సైకిలుది కాదు. చిన్న ఇనప డబ్బా. ఎలక్ట్రిక్ గిటారు వైరు ఆ డబ్బాలోంచి పోయి ఆంప్లిఫయరులోకి వెళ్తుంది. కాలితో దాని మీట నొక్కితే గిటారు మామూలు గొంతు పోయి, జీర పట్టి, బొంగురుగా బారుగా మూలుగుతుంది. వెనకటి రోజుల్లో వాటిలో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వేసేవారు. ట్రాన్సిస్టర్లంటే రేడియోలు కాదు, వాటి లోపల ఉండి శబ్దాన్ని పెంచే గోరంత ముక్కలు. తర్వాత సిలికాన్ రకం వచ్చి వాటిని తుడిచిపెట్టేసింది. ఇప్పుడు మళ్లీ ఆ పాత గొంతే కావాలని కొందరు పట్టుబడుతున్నారట. కొత్తగా చేసేవాళ్లు లేరు కాబట్టి పాత రేడియోల పొట్టలు చీల్చి తీసుకుంటున్నారట. ఇదంతా ఆ పిల్ల నాకు విడమరచి చెప్తూంటే విని, ఆఖర్న, "అలాంటి డబ్బా మా ఇంట్లో ఒకటుందమ్మా. మా నాన్నే చేసేడు" అన్నాను. ఆ పిల్ల కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

అటక మీంచి నాన్న సామానున్న పౌడరు డబ్బాలు దింపించేను. మూత తీయగానే వాసన కొట్టింది. సోల్డరింగు పేస్టు, తుప్పు, ఎలకల కంపు, వీటన్నిటి అడుగున ఎక్కడో మా మామ్మ చుట్ట. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. మాది పార్వతీపురం దగ్గర పల్లె. నాన్న రేడియోలు బాగుచేసే పని నేర్చుకుని, రైలొచ్చేక ఇక్కడ బేరం బాగుంటుందని మమ్మల్నందర్నీ వెంటబెట్టుకుని కొండెక్కేడు. ముందు గదిలో షాపు, వెనక గదిలో మేము. కొండ ఊళ్ల వాళ్లు రేడియోని దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు చంకనేసుకుని తెచ్చేవారు. విప్పితే సగం వాటిలో ఎలకలు గూడు పెట్టి ఉండేవి. నాన్న విసుక్కోకుండా ఆ గడ్డీ పెంటికలూ దులిపి, ఒక్కో వైరూ తడిమి చూసేవాడు. రేడియో మళ్లీ మాట్లాడితే దాని యజమాని నవ్వేవాడు, నాన్న నవ్వేవాడు. బాగుపడకపోతే మాత్రం దాని లోపలి ట్రాన్సిస్టర్లు ఊడదీసి పౌడరు డబ్బాలో వేసుకునేవాడు. బొటనవేలి గోరంత తగరపు టోపీ, కింద మూడు కాళ్లు. మామ్మ వాటిని చూసి, "ఏటిరా నాయనా, బొద్దింకల్ని దాసుకుంటన్నావా?" అనేది. ఆవిడ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని, కుంపటి పక్కన ముడుచుకుని కూర్చుని, ఇంట్లో జరిగే ప్రతిదాన్నీ వెటకారం చేసేది.

నాన్న పనికి ఒక పద్ధతుండేది. సాయంత్రమైతే ఊళ్లో దీపాలన్నీ వెలిగి కరెంటు నీరసించిపోయేది. బల్బులో తీగ ఎర్రగా కనబడేది తప్ప వెలుగుండేది కాదు. ఆంప్లిఫయరు ఆ కరెంటుకి గొంతు పెగల్చలేకపోయేది. అందుకని వినాల్సిన పనులన్నీ తెల్లారగట్లే పెట్టుకునేవాడు. వాటికి 'చెవి పని' అని పేరు. అప్పటికి అమ్మ ఇంకా పొయ్యి రాజేస్తూ ఉండేది. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా నీళ్లు పట్టేవి. నాన్న మంకీ క్యాపు పెట్టుకుని, ఒక్క చెవి మాత్రం బయటికి తీసి, బల్లమీదికి వంగేవాడు. వేళ్లు కొంకర్లు పోయి చిన్న చిన్న కాళ్లు పట్టుకోడానికి రాక, ట్రాన్సిస్టర్లని పట్టకారుతో తప్ప ముట్టుకునేవాడు కాదు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

దానియేలన్న మా ఇంటికి మొదటిసారి వాళ్ల చర్చి మైకుసెట్టు మోసుకుని వచ్చేడు. అరకుకి ఎగువన కొండమీద వాళ్ల ఊరు. నాకంటే కొంచెం పెద్ద. కాఫీ తోటల్లో కూలికి వెళ్లేవాడు. చర్చిలో ఎవరో దొర వదిలేసి పోయిన ఎలక్ట్రిక్ గిటారుంటే, దాన్ని ఎవరూ నేర్పకుండా తనంతట తనే నేర్చుకున్నాడు. మైకుసెట్టు బాగయ్యేక కూడా వెళ్లకుండా గుమ్మం పట్టుకుని నసిగేడు. "బాబూ, సినిమా పాటల్లో గిటారు ఏడుత్తాది సూడండి, గొంతు పూడుకుపోయినట్టు. అదెలగ సేత్తారు?" అని అడిగేడు. నాన్నకి అలాంటి ప్రశ్న వేసినవాడు అంతవరకూ లేడు. రేడియో ఎందుకు పలకట్లేదని అడిగేవాళ్లే గానీ, అది ఎందుకలా పలుకుతోందని ఎవడడుగుతాడు? నాన్న ఆ రోజు భోజనానికి కూడా బేగి లేవలేదు.

రైల్వే ఇంజనీరు గారింట్లో ఇంగ్లీషు పత్రిక దొరికితే, అందులోంచి అలాంటి గొంతిచ్చే పెట్టె బొమ్మ ఒకటి నాన్న గీసుకుని వచ్చేడు. రెండు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు సామాను, ఒక బ్యాటరీ. చేసేసరికి పెట్టె పలికింది గానీ, నాన్నకి నచ్చలేదు. అందులో ఒక ట్రాన్సిస్టర్ మార్చి చూసేడు. గొంతే మారిపోయింది. మళ్లీ మార్చేడు, మళ్లీ ఇంకో గొంతు. టోపీ మీద నంబరు ఒకటే, ఒకే కంపెనీ, ఒకే తల్లి పిల్లలు, అయినా ఏ రెండూ ఒక్కలా పలకవు. ఒకటి దగ్గుతుంది, ఒకటి గీపెడుతుంది, ఒకటి తేనె కారినట్టు పోతుంది. ఇక పట్టుకుంది నాన్నకి పిచ్చి. చలి మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో ట్రాన్సిస్టర్లు ఏరడమే పని. దానియేలన్న కోడి కూతకి ముందే కొండదిగి, కంబళి కప్పుకుని వచ్చి, వేళ్లు కుంపటి మీద కాచుకుని, గిటారు మీద ఒకే ముక్క మళ్లీ మళ్లీ వాయించేవాడు. నాన్న పట్టకారుతో ఒకటి తీసి క్లిప్పుల్లో పెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. "ఊఁ" అంటే ఒక డబ్బాలోకి, "ఊహూఁ" అంటే ఇంకో డబ్బాలోకి. విన్నాక కరెంటు కొలిచే మీటరు పెట్టేవాడు. ముల్లు ఎంత ఎగిరితే అంత బలమైనదని లెక్క. చెవికీ ముల్లుకీ రెండింటికీ నచ్చి, అన్నిటికంటే జోరుగా పలికినవాటిని వేరే డబ్బాలో వేసి, దాని మీద మా అమ్మ గోళ్ల రంగుతో ఎర్రచుక్క పెట్టేడు.

మామ్మ గోల మామ్మది. "తెల్లారకముందే పిల్లికి పురుడు పోత్తన్నార్రా? కొండదేవతలు కూడా లేసిపోతారు" అనేది. దానియేలన్నకి నవ్వొచ్చి ముక్క తప్పేది. అమ్మ అందరికీ చోడి అంబలి, అదే రాగి జావ, పోసేది. దానియేలన్న గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, తాగకుండా ముందు మొహానికి ఆవిరి పట్టుకునేవాడు. నేను పుస్తకం ముందు పెట్టుకుని, చదువుతున్నట్టు నటిస్తూ వినేదాన్ని. చెప్పకేం, నాకు ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఉన్నంత సంతోషం మళ్లీ ఎక్కడా దొరకలేదు. ఎర్రచుక్క డబ్బాలోంచి ఆఖరికి రెంటిని ఏరి, పెట్టెలో అతికించి, మూత బిగించిన రోజున, దానియేలన్న మీట మీద కాలు వేసి వాయించేడు. గొంతు పూడుకుపోయినట్టు ఏడ్చింది గిటారు. మామ్మ చుట్ట నోట్లోంచి తీసేసి, "ఓలమ్మా, ఎవురో సచ్చిపోయినట్టుందిరా" అంది. ఆవిడ నోటంట వచ్చిన మెప్పు అదొక్కటే.

క్రిస్మస్‌కి వాళ్ల చర్చిలో వాయిస్తే, పార్వతీపురంలో ఆర్కెస్ట్రా పార్టీ నడిపే ఒకాయన విన్నాడు. ఎవరి పెళ్లికో వచ్చి, మంచులో దారి తప్పి అక్కడ ఆగేడట. మా షాపుకి వెతుక్కుంటూ వచ్చి, "గుంటడు బాగా వాయిత్తన్నాడు. వేసంగిలో మా ఊరి అమ్మోరి పండగకి దింపండి. జనం ముందు ఎలగుంటాడో సూసుకుని, బాగుంటే నా పార్టీలో ఎట్టేసుకుంటాను" అని నాన్నకి మాటిచ్చేడు. దానియేలన్నకి అది మామూలు మాట కాదు. అది దక్కితే గిటారే అతని బతుకు. తప్పితే జీవితమంతా పరాయి తోటలో గోతులు తవ్వుకోవడమే. రూతమ్మ అని వాళ్ల చర్చిలోనే ఒకమ్మాయి ఉండేది, ఆ అమ్మాయికి కూడా చెప్పేసుకున్నాడు, మనం పార్వతీపురంలో కాపురం పెడతామని.

వేసవి వచ్చింది. నాన్న, దానియేలన్న, నేను బస్సెక్కేం. మా అత్తవాళ్లింటికని వంక పెట్టి నేను తగుల్కున్నాను. ఘాటీ దిగి మైదానంలో పడేసరికి వడగాలి మొహాన కొట్టింది. దానియేలన్న అంత వేడి ఎప్పుడూ చూళ్లేదు. "ఓరి నాయనో, పొయ్యిలో కూకున్నట్టుంది బాబూ" అన్నాడు. పెట్టెని ఒళ్లో పెట్టుకుని దాని మీద తువ్వాలు కప్పేడు. సాయంత్రం పూట అమ్మవారి గుడి ముందు రేకుల స్టేజీ. పగలంతా ఎండ తాగిన రేకులు ఇంకా సెగ కక్కుతున్నాయి. పైన పెద్ద పెద్ద లైట్లు. పెట్టెని ఒకసారి చూసుకుందామా అని దానియేలన్న అడిగితే, నాన్న "ఇంటి దగ్గర నిక్షేపంగా పలికింది కదరా" అన్నాడు.

నేను స్టేజీ పక్కనే నిలబడ్డాను. పాటలో గిటారు ఒంటరిగా వాయించే చోటు వచ్చింది. దానియేలన్న ముందుకొచ్చి మీట మీద కాలు వేసేడు. గిటారు ఏడవలేదు. దగ్గింది. రెండు ముక్కలు దగ్గి, సన్నగా దారంలా సాగి, తెగిపోయింది. మళ్లీ నొక్కేడు. బుర్రుమని ఊరుకుంది. మూడోసారి అదీ లేదు. జనంలోంచి ఎవడో, "ఏటిరా గుంటడా, నీ గిటారుకి జలుబు సేసిందేటి?" అని అరిచేడు. అంతే, ఆ మూల నుంచి ఈ మూల దాకా నవ్వు, ఈలలు. ఆర్గన్ వాయించేవాడు ఆ ఖాళీ పూడ్చేసేడు. దానియేలన్న పెట్టె వైరు పీకేసి, గిటారు నేరుగా తగిలించి, మిగతా పాట వాయించేడు గానీ, అప్పటికే మనిషి అక్కడ లేడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పాట అయ్యేక పార్టీ ఆయన నాన్నని పక్కకి పిలిచి, "గుంటడు మంచోడే బాబూ. స్టేజీకి పనికిరాడు" అన్నాడు.

తిరుగు బస్సెక్కేం. దానియేలన్న, "పెట్టె నుంచి గొంతు రాలేదు బాబూ" అన్నాడు. నాన్న "చూద్దాం" అన్నాడు. మర్నాడు తెల్లారగట్ల (మా కొండమీద వేసవిలోనూ ఆ వేళకి చలే), ఎప్పటిలాగే, నాన్న పెట్టెని బల్ల మీద పెట్టి తగిలించేడు. అది పలికింది. అంతకుముందు కంటే బాగా పలికింది. నాన్న వైర్లు కదిపి చూసేడు, అతుకులు తట్టి చూసేడు, బ్యాటరీ చూసేడు. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు నాన్న మొహం నేను చూసేను. చాలాసేపు ఆలోచించి, ఒక నిర్ణయానికొచ్చి, బెంగ తీరిన మనిషి మొహం.

దానియేలన్న వచ్చేడు. నాన్న అతన్ని కూర్చోబెట్టి, గిటారు చేతికిచ్చి, వాయించమన్నాడు. పెట్టె గొప్పగా ఏడ్చింది. దానియేలన్న ఆపేసి దాని వైపు చూస్తూ ఉండిపోయేడు. నాన్న అతని భుజమ్మీద చెయ్యి వేసేడు. "పెట్టెలో ఏ లోపమూ లేదురా. అంతమంది జనాన్ని నువ్వెప్పుడూ చూళ్లేదు. చెయ్యి వణికింది. తీగ సరిగ్గా నొక్కకపోతే అలాగే దగ్గుతుంది. ఇందులో సిగ్గుపడ్డానికేం లేదు, అందరికీ అవుతుంది" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. దానియేలన్న తన ఎడంచెయ్యి విప్పి చూసుకున్నాడు, తిప్పి చూసుకున్నాడు. "కాబోలు బాబూ" అన్నాడు. నేనక్కడే ఉన్నాను. నేను ఆ సాయంత్రం చూసింది అతని కాలినీ, పెట్టెనీ. చెయ్యి వణికిందో లేదో నేను చూళ్లేదు, నాన్నా చూళ్లేదు.

ఆ తర్వాత అతను చెవి పనికి రాలేదు. గిటారు చర్చిలో అప్పజెప్పేసేడట. షాపులో పనికి రమ్మని నాన్న కబురు పెట్టేడు, రాలేదు. రూతమ్మనే చేసుకున్నాడు గానీ, కాపురం పార్వతీపురంలో కాదు, ఆ కొండమీదే. నాన్న ఈ కథని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఎగతాళిగా కాదు, పాపం అనుకుంటూ. "ఏం చెవి, ఏం వేళ్లు! గుండె ఒక్కటే చాల్లేదు" అనేవాడు. విన్నవాళ్లు ఇంకొకళ్లకి చెప్పేరు. కొన్నాళ్లకి చుట్టుపక్కల ఊళ్లలో అతనికి వణుకు దానియేలు అని పేరు పడిపోయింది. సంతలో ఎవరైనా "ఏ దానియేలు?" అంటే, "వణుకు దానియేలు" అనేవారు. అతను కూడా ఆ పేరుకి పలికేవాడు.

ఈ కథంతా నేను శిరీషకి చెప్తూనే ఉన్నాను, ఆ పిల్ల వింటూనే డబ్బాలు విప్పి మీటరు పెట్టి చూసుకుంటోంది. కొన్నిటిని వేరుగా పెట్టుకుంది. ఎర్రచుక్క డబ్బా దగ్గరికొచ్చేసరికి ఒకటి తీసింది, పెట్టేసింది, ఇంకోటి తీసింది, పెట్టేసింది. "ఇవి పనికిరావాంటీ" అంది. నాకు ఒళ్లు మండింది. "మా నాన్న చెవి పెట్టి ఏరిన సరుకు అది. అన్నిటికంటే మంచివి" అన్నాను. ఆ పిల్ల వాదించలేదు. ఒకటి మీటరుకి తగిలించి, "దాని టోపీ రెండు వేళ్లతో పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. మీటరులో అంకె పైకి పాకడం మొదలెట్టింది. వదిలేస్తే మెల్లిగా దిగింది. ఎంత చల్లటి చేతులు నావి, వాటికే! నాన్న పట్టకారుతో తప్ప ముట్టుకోలేదు కదా, ఇది ఆయన ఎన్నడూ చూళ్లేదు.

"జెర్మేనియంకి ఇదొక రోగం ఆంటీ. కుళాయి కట్టేసినా కారుతుంది చూడండి, అలా ఇందులోంచి కరెంటు కారిపోతూ ఉంటుంది. మీటరు ఆ కారేదాన్ని కూడా కలిపేసి బలంగా చూపిస్తుంది. బాగా కారేది చలిలో జోరుగా పలుకుతుంది. వేడి తగిలిందంటే ఇంకా ఇంకా కారిపోయి, గొంతు పూర్తిగా కట్టేస్తుంది. రేడియోల్లో దాన్ని సర్దే ఏర్పాటు వేరే ఉంటుంది కాబట్టి తెలీదు. ఈ పెట్టెల్లో ఉండదు" అని, ఉన్నట్టుండి నావైపు తిరిగి, "ఆయన పార్వతీపురంలో వాయించింది ఎండాకాలం అన్నారు కదా?" అంది.

నేను లేచి పెట్టె తీసుకొచ్చేను. నాన్న దాన్ని పారెయ్యలేదు, పాత చొక్కా గుడ్డలో చుట్టి పెట్టేడు. లోపల ఎండిపోయిన భాగమొకటి మార్చి, కొత్త బ్యాటరీ వేసి, ఆ పిల్ల తనతో తెచ్చుకున్న గిటారూ, చిన్న ఆంప్లిఫయరూ తగిలించింది. చలి గదిలో ఆ గొంతు మళ్లీ విన్నాను. అదే ఏడుపు. అప్పుడా పిల్ల పెట్టెని ఎత్తి నా కుంపటి మీద కొంచెం ఎత్తులో పట్టుకుని, నన్ను గిటారు తీగ మీటుతూ ఉండమంది. వచ్చీరాకుండా మీటేను. మొదట్లో పలికింది. కాసేపటికి దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. ఆ తర్వాత వచ్చే దారం తెలుసు. అది ఎక్కడ తెగుతుందో కూడా తెలుసు. తెగిపోయింది. శిరీష పెట్టెని పట్టుకెళ్లి బయట అరుగు రాయి మీద పెట్టింది. చల్లారేక తెచ్చి తగిలిస్తే మళ్లీ నిక్షేపంగా పలికింది. ఘాటీ ఎక్కి వచ్చేక పలికినట్టే.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయినవాళ్ల మీద కోపం రాకూడదంటారు, వస్తే నేనేం చెయ్యను? నాన్న తెలిసి చేసిన పని కాదు, సరే. చలిలో ఏరేడు, చలిలో పరీక్ష చేసేడు, చలిలో తీర్పు చెప్పేడు. మేం కొండమీద బతికేవాళ్లం, మా ఇంట్లో వేడంటే కుంపటి చుట్టూ మూరెడు మేరే. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఎందుకంత ప్రేమగా చెప్పేడు? తిట్టి ఉంటే దానియేలన్న తిరగబడి ఉండేవాడు, 'నా చెయ్యి కాదు, నీ పెట్టె' అని ఉండేవాడు. ఓదార్చేడు. ఓదార్చినవాడి మీద ఎవడు తిరగబడతాడు? శిరీష తన ఫోనులో ఏవో వీడియోలు చూపించింది, పెడల్ ఆగిపోతే నవ్వుకుంటూ ఇంకోటి తగిలించుకుని వాయిస్తున్న పిల్లలు. ఈ గదిలో వేడెంతో చూసి ఏరుతాం, ఆ గదిలో వేడెంతో చూసి మారుస్తాం అని చెప్పింది. వాళ్లకి పెట్టె ఆగితే ఇంకో పెట్టె, ఈ సాయంత్రం పోతే రేపటి సాయంత్రం. దానియేలన్నకి ఒక్క సాయంత్రమే ఇచ్చేరు. ఆర్కెస్ట్రా పార్టీలూ పోయేయి, ఆయనకి పడ్డ ఆ వణుకు పేరు మాత్రం అలాగే ఉంది.

ఆ పిల్ల కావాల్సినవి ఏరుకుని వెళ్లిపోయేక రెండు రోజులు నాకు తిండి సయించలేదు. మూడోనాడు ఆటో మాట్లాడుకుని కొండమీది ఊరికి వెళ్లేను. దానియేలన్న అరుగు మీద చాపేసుకుని మిరియాలు బాగుచేస్తున్నాడు. జుట్టంతా ముగ్గుబుట్ట. నన్ను చూసి, "పాపమ్మా, ఇంత దూరం వొచ్చేవేటి, ఎవరికైనా బాగోలేదా?" అని కంగారు పడ్డాడు. రూతమ్మ మంచినీళ్లిచ్చి ఆయన పక్కనే కూర్చుంది. నేను డొంకతిరుగుడు లేకుండా చెప్పేసేను. ఆ పిల్ల వచ్చిందనీ, ట్రాన్సిస్టర్లు వేడికి గొంతు కట్టేస్తాయనీ, పార్వతీపురంలో ఎండకి పెట్టె చచ్చిపోయి, ఇంటికొచ్చేక చలికి బతికిందనీ, నా కళ్లతో చూసేననీ. మా నాన్న పొరబడ్డాడనీ.

ఆయన ఎవరిదో కథ విన్నట్టు విన్నాడు. మిరియాలు ఏరుతున్న చెయ్యి మాత్రం ఆగింది.

"అయితే నా సెయ్యి వణకలేదంటావా?" అన్నాడు.

"వణకలేదన్నా. నీ చేతిది ఏ తప్పూ లేదు. పెట్టెదే."

"బాబు సెప్పేడు కదా, వణికిందని."

"నాన్నకి తెలీదు. నాన్న తప్పు చెప్పేడు."

ఆయన రూతమ్మ వైపు చూసేడు. ఆవిడ తల తిప్పుకుంది. "మా పెద్దోడు గిటారు కొనమని తిండి మానేసి ఏడిసేడు పాపమ్మా. మనది వణికే రగతంరా, జనంలో నవ్వులపాలైపోతావు, వొద్దు అని సెప్పేను. ఆడు ఊరొదిలి కూలికి పోయేడు. మొన్న ఆడి కొడుకు అడిగేడు, ఫోన్లో సూసి. ఆడికీ అదే సెప్పేను" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఒకటొకటే గుర్తు చేసుకుని అప్పజెప్తున్నట్టు చెప్పేడు. కల్లంలో కోళ్లు ఎండబెట్టిన చోళ్ల మీద పడితే రూతమ్మ లేవలేదు, ఆయనా అదిలించలేదు.

"సెయ్యి వణక్కపోతే," అన్నాడు ఆఖరికి, "మరి నేనెందుకు మానేసేను పాపమ్మా?"

నన్ను దెప్పడానికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగేడు. నాకేమైనా తెలుసేమో అని ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు.